పది నిమిషాలు ఆగమన్న పెరీనా

పెరీనా అక్క మెత్తని మనిషని ఆమె పోయాక కూడా ఎవరూ అనలేదు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి అబద్ధాలు చెప్పడం మావాళ్ళకి అలవాటే. అయినా ఆమె శవపేటిక దగ్గర పాదరీ అంతటివాడు "కష్టజీవి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాడు.

నా పేరు యేలా. ఆమె నాకు తోటికోడలు. బకోటా అన్నదమ్ముల్లో పెద్దవాడు షిమే ఆమె భర్త, చిన్నవాడు మాతె నా భర్త. ఇద్దరూ డాల్మేషియా తీరంలో ఒక రాళ్ళ దీవిలో పుట్టి, పడమటి ఆస్ట్రేలియా బంగారు గనుల్లో కూలికి వచ్చినవాళ్ళు. గనిలోంచి తోడిపోసిన తెల్లమట్టి దిబ్బల కింద మా పేట. రేకులూ గోనెపట్టాలూ కలిపి కట్టుకున్న ఇళ్ళు. ఊళ్ళోవాళ్ళు మమ్మల్నీ ఇటలీవాళ్ళనీ కలిపి 'డింగులు' అనేవాళ్ళు. మొహం మీదే అనేవాళ్ళు, ఒక్కోసారి ప్రేమగా కూడా అనేవాళ్ళు.

నేను పెళ్ళయి ఓడ దిగి వచ్చేసరికి పెరీనా అక్క అక్కడ మూడేళ్ళుగా ఉంది. ఇంటి వెనక మంచమంత మడిలో లెట్యూస్ అని, పచ్చిగా తినే ఆకుకూర వేసేది. ఆ విత్తనం వాళ్ళమ్మది. బయల్దేరే రోజు కూతురి తలగుడ్డ అంచు విప్పి, అందులో పోసి, మళ్ళీ కుట్టి పంపిందట. ఆ తరవాత ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. లేతాకుపచ్చ ఆకు, దాని మీద ఎర్రటి చుక్కలు. మే నెలలో చల్లితే చలికాలమంతా తినేవాళ్ళం, స్నానం చేసిన నీళ్ళే దానికి పోసేవాళ్ళం. అక్టోబరులో ఎండ ముదిరేసరికి మొక్కలు ఒక్కొక్కటే పూకాడ వేసి చేదెక్కడం మొదలుపెట్టేవి.

"ముందు కాడ వేసినదాన్ని కోసి తినెయ్. అది పిరికిది," అనేది అక్క. "అన్నిటికన్నా చివరిదాకా నిలబడ్డదాన్నే విత్తనానికి ఉంచాలి. లేకపోతే ఏటేటా పిరికి మొక్కలే పుడతాయి."

అలా మూడో నాలుగో ఉంచేది. క్రిస్మస్ నాటికి అవి గుండె ఎత్తు పెరిగి, చిన్న చిన్న పసుపు పూలు పూసేవి. పూసిన రెండు వారాలకి పువ్వు ఉన్నచోట తెల్లని నూగు విచ్చుకుంటుంది. ఆ నూగు అడుగునే విత్తనం. చిక్కేమిటంటే అన్నీ ఒకేసారి పండవు. ఒక కొమ్మ పూస్తుంటే పక్క కొమ్మ రాలుతూ ఉంటుంది. అందుకని ఆమె రోజూ పొద్దున్నే పిండిసంచీ తీసుకెళ్ళి, కాడని అందులోకి వంచి, బిడ్డ వీపు తట్టినట్టు తట్టేది. ఆమె చేత్తో మెత్తగా ముట్టుకునేవి నేను చూసినంతలో అవే.

ఆ చెయ్యెలాంటిదో మొదటి వేసవిలోనే నాకు తెలిసింది. పక్క సందులో ఎడ్నా హాస్కిన్ అని ఒకావిడ ఉండేది. ఊరావిడే, డింగు కాదు. ఆవిడ మేక తాడు తెంపుకొచ్చి విత్తనం కాడలు రెండింటిని మొదలంటా నమిలేసింది. అక్క పార తిరగేసి ఒక్కటే దెబ్బ కొట్టింది. మేక మళ్ళీ లేవలేదు. దాన్ని భుజాన వేసుకెళ్ళి ఎడ్నా వాకిట్లో దబ్బున పడేసింది. వెనకే నేను పరిగెత్తాను.

"ఇదిగో నీ మేక."

"చంపేశావా? నా పాలమేకని చంపేశావా?"

"నీ మేక మా అమ్మని తినేసింది."

ఎడ్నాకి అర్థం కాలేదు. విత్తనం సంగతి నాకొచ్చిన నాలుగు ముక్కల్లో నేనే చెప్పాను. ఆవిడ మేక వంకా అక్క వంకా కాసేపు చూసింది.

"మీ అమ్మ రుచిగానే ఉండుంటుందిలే. ముక్క మిగల్చలేదుగా," అంది.

ఇక చచ్చామనుకున్నాను. అక్క పగలబడి నవ్వింది. ఇద్దరూ కలిసి ఆ మేకని దూలానికి వేలాడదీసి, చర్మం ఒలిచి, చెరిసగం పంచుకున్నారు. తరవాతి ఆదివారం ఎడ్నా మొగుడు క్లారీ వచ్చి మా మడి చుట్టూ కర్రలు పాతి కంచె కట్టాడు. క్లారీదీ మా బావగారిదీ గనిలో ఒకటే షిఫ్టు. భూమిలోపల దూలాలు నిలబెట్టే పని వాళ్ళిద్దరిదీ. చలికాలమంతా ఎడ్నా ఇంటికి మా లెట్యూస్ వెళ్ళేది, వాళ్ళింటి నుంచి పాలొచ్చేవి.

పంతొమ్మిదివందల ముప్ఫైల్లో పనులు తగ్గిపోయాయి. డింగులు మేస్త్రీల చేతులు తడిపి పనులు లాక్కుంటున్నారని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఒక జనవరిలో, సెలవుల ఆటల పోటీల్లో, తాడులాగుడు దగ్గర మా పేటవాడు జోర్కోకీ, రెజ్ డన్‌ఫీ అనే ఊరి కుర్రాడికీ మాటామాటా పెరిగింది. జోర్కో తోశాడు. రెజ్ వెనక్కి పడ్డాడు. తల నీళ్ళబండి ఇనుపచక్రానికి తగిలింది. శనివారం పడ్డవాడు సోమవారం పొద్దున ప్రాణం వదిలాడు. అందరికీ ఇష్టమైన కుర్రాడు.

పది గంటలకి ఊళ్ళో "తోశాడు" అనుకున్నారు. పన్నెండింటికి అది "పొడిచాడు" అయింది. రెండింటికి "ముగ్గురు పట్టుకుంటే ఒకడు పొడిచాడు" అయింది.

మూడింటికి పెద్దవీధిలో మావాళ్ళ దుకాణాల అద్దాలు పగిలాయి. భోజనశాల మేడ మీంచి పియానోని కిందికి తోశారు. ఆ చప్పుడు మా పేటదాకా వచ్చింది. ద్రాక్షసారా పీపాలు రోడ్డు మీదికి దొర్లించి గొడ్డళ్ళతో పగలగొట్టారు. మురిక్కాలవలో పారుతున్న సారాని టోపీలతో ముంచుకుని తాగారు. మంగలి నికోలాని బయటికి ఈడ్చి, అతని చెయ్యి తలుపు సందులో పెట్టి, తలుపు వేశారు. ఇంకోసారి వేశారు. ఆడవాళ్ళు పిల్లల బండ్లలో దుప్పట్లూ గిన్నెలూ వేసుకుని పోయారు. తరవాత నిప్పు పెట్టారు. పోలీసులు అయిదుగురో ఆరుగురో వీధి చివర నిలబడి చూశారు.

ఇక మా పేట మీదికే వస్తారని అందరికీ తెలుసు. మగవాళ్ళు సందు మొదట్లో మంచాలూ బండ్లూ అడ్డం పెట్టారు. గనిపని చేసే చేతులు కదా, జామ్ డబ్బాల్లో పేలుడుమందూ మేకులూ కూరడం మొదలుపెట్టాయి. ఆడవాళ్ళనీ పిల్లల్నీ దిబ్బల వెనక అడవిలోకి పొమ్మన్నారు.

పెరీనా అక్క మడి దగ్గరే నిలబడింది. ముందు ఏడాది దుమ్ముగాలి పూతనంతా చెరిపేసింది. నిలవున్న పాత విత్తనాన్ని మే నెలలో ఆఖరి గింజదాకా చల్లేసింది. ఇప్పుడున్నవి మూడే కాడలు. సగం నూగు విచ్చాయి, సగం ఇంకా మూసుకునే ఉన్నాయి.

"రేపు, ఎల్లుండిలో రాలిపోతాయి," అంది.

"రాలనీ," అన్నాడు షిమే బావ. "మన తలకాయలు రాలకుండా ఉంటే చాలు. నడువు."

నడిచింది. ఆ రాత్రంతా ముళ్ళపొదల్లో కూర్చుని ఊరివైపు ఎర్రటి ఆకాశాన్ని చూశాం. తెలవారేముందు నాకు మెలకువ వచ్చేసరికి, ఆమె కొడవలి నడుముకి దోపుకుంటోంది.

"ఎక్కడికక్కా?"

"పడుకో. వాళ్ళంతా తాగి దొర్లుతుంటారు ఈ వేళకి. గంటలో వచ్చేస్తాను."

ఆపలేదు నేను. ఆపితే ఆగే మనిషి కాదని ఇప్పటికీ చెప్పుకుంటాను.

పొద్దు పొడిచాక షిమే బావ నీళ్ళడబ్బాలు మోసుకుని వచ్చాడు. ఆయన తుపాకీ సందు మొదట్లో మా ఆయన దగ్గరుంది.

"అమ్మాయ్, మీ అక్కేది?"

పుల్లలకి వెళ్ళిందని అనొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఇంటికెళ్ళిందని చెప్పాను, విత్తనం కోసమని చెప్పాను. ఆయన డబ్బాలు కింద పెట్టాడు. తిట్టలేదు. పాంటుకి చేతులు తుడుచుకుని పరిగెత్తాడు.

మిగతాది నేను కళ్ళారా చూడలేదు. కొంత పెరీనా అక్క చెప్పింది, చాలా ఏళ్ళకి. కొంత ఎడ్నా చెప్పింది.

మా సందు వెనకవైపు కాపలా లేదు. అక్క మొదటి కాడని సంచీలోకి వంచి కోస్తుండగా అటునుంచి ఆరుగురు వచ్చారు. చేతుల్లో కిరసనాయిలు డబ్బాలు. ముందున్నది క్లారీ హాస్కిన్. ఆమెని చూసి ఆగిపోయాడు.

"అయ్యో, నువ్వు ఇక్కడుండకూడదమ్మా. ఆడవాళ్ళంతా వెళ్ళిపోయారన్నారే."

"పది నిమిషాలు ఆగు, క్లారీ."

"ఏంటీ?"

"ఇంకా రెండున్నాయి. కోసుకుని పోతాను. తరవాత నీ ఇష్టం."

వెనకున్నవాళ్ళు నవ్వారు. "డింగుదానికి సలాడ్ కావాలంటరా," అన్నాడొకడు. క్లారీ డబ్బా కింద పెట్టి, వాళ్ళకేసి తిరిగి, "పది నిమిషాలేగా, ఆగండి. ఇల్లెక్కడికీ పోదు," అన్నాడట. నిజంగానే ఆగారు. అక్క రెండో కాడ కోసింది. తగలబెట్టడానికొచ్చిన ఆరుగురు మగాళ్ళు నిలబడి, ఒకావిడ లెట్యూస్ విత్తనం కొడుతుంటే చూశారు.

మూడో కాడ దగ్గర ఒకడికి ఓపిక చచ్చింది. కంచెలోంచి కర్ర పీకి, ఆ కాడని ఒక్క వేటుతో నేలకేసి కొట్టాడు. నూగంతా గాల్లోకి లేచింది. అక్క కొడవలి ఎత్తింది. క్లారీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆపడానికో, లాగి అవతలికి పంపేయడానికో, ఆయనకే తెలియాలి. ఆమె చెయ్యి విడిపించుకుని అతని చేతి మీదే కొడవలి వేసింది. రెండు వేళ్ళు చర్మానికి వేలాడాయి. ఆ తరవాత వాళ్ళు ఆమెని కింద పడేసి బూట్లతో తన్నారు. పక్కటెముకలు మూడు విరిగాయి, పైపెదవి పంటిదాకా చీలింది. బోర్లా పడి, సంచీని పొట్టకింద అదిమిపెట్టుకుంది.

అప్పుడొచ్చాడు షిమే బావ. ఉత్త చేతులతో వచ్చాడు. ఒకణ్ణి మెడ పట్టి రేకుకేసి కొట్టాడు, వాడి ముక్కు పచ్చడైంది. ఇంకొకడి కాలు విరగదన్నాడు. మిగతావాళ్ళు క్లారీ పాతిన కంచె కర్రలే పీకి ఆయన మీద పడ్డారు. చెవి వెనక ఒక దెబ్బ తగిలింది. నిలువునా మడిలో కూలిపోయాడు. పడ్డాక కూడా కొట్టారు. క్లారీ తెగిన చేతిని చంకలో పెట్టుకుని "చాలు, చాల్రా, చచ్చిపోతాడ్రా" అని అరుస్తూ ఒకణ్ణి రెక్కపట్టి లాగాడు. అప్పుడు వదిలి, ఇంటికి నిప్పు పెట్టి పోయారు.

ఆమె మొగుణ్ణి కాళ్ళు పట్టుకుని సందు పక్కనున్న కాలవలోకి ఈడ్చుకెళ్ళింది. మావాళ్ళు పొగ చూసి వచ్చేసరికి, మండుతున్న రేకుల వేడికి ఆమె జుట్టు ఒకవైపు కమిలిపోయి ఉంది. ఆ మధ్యాహ్నం జామ్ డబ్బాలు పేలాయి. అవతల ఒకడు పోయాడు, ఇవతల ఒకడు పోయాడు. మా ఇల్లు కూడా కాలింది, మళ్ళీ కట్టుకునేదాకా డేరాల్లో ఉన్నాం. షిమే బావ ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. కళ్ళు తెరిచాడు కానీ మాట్లాడలేదు. గురువారం పోయాడు.

విచారణ జరిగింది. ఎవరు కొట్టారని పెరీనా అక్కని అడిగారు. "మొహాలు చూడలేదు," అంది. గుర్తు తెలియని వ్యక్తులని రాసుకున్నారు. క్లారీ తన వేళ్ళు రంపంలో పడ్డాయని డాక్టరుకి చెప్పాడట.

ఆస్పత్రివాళ్ళు ఆమె బట్టలు మూటగట్టి నా చేతికిచ్చారు. అందులో పిండిసంచీ ఉంది. ఒక మూల నెత్తురు ఎండి అట్టకట్టింది. ఎవరి నెత్తురో చెప్పడానికి లేదు. పారేద్దామనుకున్నాను, ధైర్యం చాల్లేదు. ఆమె డేరాకి తిరిగొచ్చిన రోజు, కట్లతోనే కూర్చుని దాన్ని పళ్ళెంలో విప్పింది. రెండు అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ అని ఊదింది. పక్కటెముకలు విరిగినవాళ్ళకి ఊదడమంటే ఏమిటో అప్పుడు చూశాను. ప్రతి ఊపిరికీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నూగూ తాలూ పోయాక చెంచాడు గింజలు మిగిలాయి. సగం పాలిపోయిన పచ్చివి.

మావాళ్ళు ఆమెని వదల్లేదు. కుళాయి దగ్గర ఒకరోజు దోమినా అనే ఆవిడ నాతో అంటున్నట్టుగా అంది. "కొందరుంటారు తల్లీ. మొగుణ్ణి ఎరువేసి ఆకుకూర పండించుకుంటారు."

పెరీనా అక్క నిండు బాల్చీ విసిరి ఆమె మూతి మీద కొట్టింది. ముందు పళ్ళు రెండూ ఊడాయి. అక్క ఒలికిన బాల్చీని మళ్ళీ కుళాయి కింద పెట్టి, నిండేదాకా నిలబడి, తీసుకుని పోయింది.

మే నెలలో ఆ గింజలు చల్లింది. పధ్నాలుగు మొలకెత్తాయి. ఆ వారాల్లోనే మా ఆయనకి క్లారీ వేళ్ళ సంగతి తెలిసింది. గనిలో ఎవడో రంపం కథని నమ్మలేక నవ్వాడట. మాతె అది విని ఇంటికొచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, హాస్కిన్‌వాళ్ళు ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చునే వేళకి, కోటు కింద ఏదో పట్టుకుని బయల్దేరాడు. పక్క సందుదాకా పోవడానికి కోటేమిటా అని నేను వెనకే వెళ్ళాను. అక్క మడిలో మొక్కలు పలచన చేస్తోంది.

"మాతె, కోటు కిందేంటి?"

"నీకెందుకు వదినా."

"జామ్ డబ్బానా?"

"అన్నయ్యని చంపినవాడు పక్క సందులో గొర్రెమాంసం తింటున్నాడు. నువ్వేమో ఇక్కడ ఆకులు పీక్కుంటున్నావు. నీకు సిగ్గులేకపోతే నాక్కూడా ఉండకూడదా?"

"చంపింది వాడు కాదు."

"వాడితో వచ్చినవాళ్ళే కదా."

"వాళ్ళే. ఆ ఇంట్లో ఎడ్నా ఉంది, ముగ్గురు పిల్లలున్నారు. ఇలా ఇవ్వు."

"తప్పుకో."

ఇంకో మాట లేదు. పార తిప్పి అతని భుజం మీద ఎంత బలంగా కొట్టిందంటే, ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మాతె మోకాళ్ళ మీద పడ్డాడు. డబ్బా దొర్లింది.

"యేలా, వత్తి పీకి నీళ్ళలో పడెయ్," అంది నాతో, ఉప్పు అందుకోమన్నట్టు.

నేను పీకాను. మాతె నేలమీద మెలికలు తిరుగుతూ బూతులు తిట్టాడు. ఆమె పక్కన చతికిలబడింది.

"వాడు పది నిమిషాలు ఆగాడు, మాతె. ఆగనక్కర్లేదు, అయినా ఆగాడు. మీ అన్నయ్య నన్ను ఆగనివ్వలేదు, ఊరు ఆగలేదు, ఇదిగో నువ్వూ ఆగలేదు. వాడి చెయ్యి నేను నరికాను. వాడికీ నాకూ అక్కడితో సరి. మధ్యలో నువ్వెవడివి?"

మా ఆయన భుజం సరిగ్గా అతుక్కోలేదు. గనిలో బరువుపని పోయింది, దీపాలు తుడిచే కొట్లో పని దొరికింది. వదినతో ఆరేళ్ళు మాట్లాడలేదు. హాస్కిన్‌వాళ్ళకి ఆ డబ్బా సంగతి తెలిసిందో లేదో నాకు తెలియదు. ఎడ్నా ఒకసారి కంచె దగ్గరికొచ్చి నిలబడింది. అక్క లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. సరి అన్నంత మాత్రాన మళ్ళీ పాలూ లెట్యూసూ ఇచ్చిపుచ్చుకునే మనిషి కాదు. రెండేళ్ళకి వాళ్ళు రేవుపట్నానికి వెళ్ళిపోయారు.

యుద్ధం అయ్యాక మేమూ తీరం వైపు ద్రాక్షతోటలకి మారాం. అక్క మాతోనే వచ్చింది, మా ఇంటి వెనకగదిలో ఉండేది. ఒక జనవరిలో ఇద్దరం విత్తనం తూర్పారబడుతున్నాం. పన్నెండేళ్ళుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చేసింది.

"అక్కా, ఆ రోజు బావతో నేనే చెప్పాను, నువ్వు ఇంటికెళ్ళావని. పుల్లలకెళ్ళావని అనుంటే బతికేవాడు."

ఆమె పళ్ళెం కింద పెట్టి నా చెంప మీద కొట్టింది. ముసలి చెయ్యే, కానీ చెవి గింగురుమంది. ఇంకోటి కూడా కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు.

"నువ్వు చెప్పావని నాకు తెలుసు," అంది. "ఇంకెవరు చెప్తారు? ఆ ముళ్ళపొదల్లో మెలకువగా ఉన్నది నువ్వొక్కదానివే." పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "వెళ్ళింది నేను. నీదంటావేంటి దాన్ని? అది నాది."

ఆ రోజే ఆ పది నిమిషాల సంగతంతా చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. దిండు సరిగ్గా పెట్టలేదని నర్సు చెయ్యి మెలిపెట్టి, ఆ సాయంత్రమే పోయింది. ఇప్పుడు ఆ విత్తనం నేను వేస్తున్నాను. ఆమెకున్నంత ఓపిక నాకు లేదు. ఒక్కో ఏడు తొందరపడి ముందు కాడ వేసినదాన్నే ఉంచేస్తున్నాను, అందుకే ఈమధ్య సెప్టెంబరులోనే చేదెక్కుతున్నాయి. పిల్లలు నూనె, వెనిగర్ కలుపుకుని తింటారు. మాతె మాత్రం గిన్నె తన దగ్గరికి రాగానే పక్కవాళ్ళకి అందించేస్తాడు. ఎందుకని వాళ్ళు అడగరు. నేనూ చెప్పలేదు.